గోడ మొదట్లో గొట్టం

మా బావకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్క మొగుడు కాబట్టి అనకూడదు గానీ, ఆయనతో కలిసి వీధిలో నడవడం నరకం. మేడ మీంచి దిగిన వాన గొట్టం గోడ మొదట్లోనే నీళ్ళు కక్కుతూ కనిపిస్తే చాలు, అక్కడే ఆగిపోతాడు. ఇంట్లోవాళ్ళని కేకేసి, ముక్కూమొహం తెలియకపోయినా పునాది గురించి చివాట్లు పెడతాడు. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకి గొట్టాలు వేయడమే ఆయన పని. ఇంటికి నీళ్ళు తేవడం ఎవడైనా చేస్తాడు, ఇంటి నుంచి పంపడమే అసలు పని అంటాడు. సంచిలో వాలు చూసే లెవెల్ ట్యూబు లేకుండా ఆయన పెళ్ళికి కూడా వెళ్ళడని అక్క వెక్కిరిస్తుంది. అందరూ ఆయన్ని వాలు మేస్త్రి అంటారు.

అలాంటి మనిషిని ఆరేళ్ళపాటు మా ఇంటి గోడ దగ్గరికి రానివ్వలేదు. దానికి కారణం మా ఆయన. నేను బట్టలు కుట్టే పెరటి గది గోడకి చెమ్మ పట్టింది. పెచ్చులూడి, కుట్టడానికిచ్చిన బట్టల మీద పడేవి. మిషను కింద నేల కుంగింది. గోడకి బయట, ఆ మూలనే ఉతుకుడు బండ ఉండేది. నేను అక్కడ నీళ్ళు పారబోయడం వల్లే గోడ పాడైందని మా ఆయన తేల్చేశాడు. చుట్టాలొస్తే చాలు, గోడ చూపించి “మా ఆవిడ చలవ” అనేవాడు. బావని పిలుద్దామంటే, నీ నిర్వాకానికి పంచాయితీ కూడానా అనేవాడు. పడలేక బండని మేడ మీదికి మార్పించుకున్నాను. ఆరేళ్ళు మూటలు మోస్తూ మెట్లెక్కాను. నా మోకాళ్ళు అరిగాయి గానీ గోడ ఆరలేదు.

ఈ వేసవిలో గోడ వేలు దూరేంత పగిలింది. గది పడగొట్టించేస్తానన్నాడు మా ఆయన. గది పోతే నా కుట్టుపనీ పోతుంది. ఇక ఎవర్నీ అడక్కుండా బావకి కబురు పెట్టాను.

బావ వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. వాన పడి ఎన్నాళ్ళైందని అడిగాడు. మూడు నెలలన్నాను.

“మరి ఈ తడెక్కడిది?”

మేడెక్కి వాన గొట్టంలో రెండు బకెట్ల నీళ్ళు పోసి దిగాడు. ఆ నీళ్ళు గేటు బయట మురికి కాలవలోకి రావాలి. చుక్క రాలేదు. గునపం తీసి, గొట్టం నేలలోకి దిగిన చోట సిమెంటు పగలగొట్టాడు. ఈ సిమెంటు వేసినవాడికి బుర్ర లేదనీ, వాడు కనిపిస్తే చెయ్యి విరిచేస్తాననీ తిడుతూనే తవ్వాడు. మోకాలి లోతులో గొట్టం చివర దొరికింది. అక్కణ్ణుంచి కాలవ వైపు ఏ గొట్టమూ లేదు. ఇటుక ముక్కలు నింపిన గుంట, అంతే. ఇంటి నీళ్ళన్నీ నేరుగా పునాది కిందికే.

బావ తిట్లు ఆగిపోయాయి. గట్టు మీద కూలబడ్డాడు.

“ఇది నేను వదిలేసిందేనమ్మా.”

మేం ఈ ఇల్లు కొనకముందు, కట్టిన రోజుల్లో, గొట్టాలు వేసింది ఆయనేనట. కాలవ దాకా తర్వాత వేయించుకుంటామన్నాడట అప్పటి యజమాని. సరేనని గుంటలో వదిలేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చి చూడలేదు. ఎవరో పొడిగించే ఉంటారనుకున్నాడు. ఆ తర్వాత మా ఆయన పెరడంతా సిమెంటు చేయించాడు. తడి పైకి ఆరే దారి కూడా మూసుకుపోయింది.

అప్పుడు తట్టింది నాకు. ఆరేళ్ళుగా మేడ మీద ఉతికిన నీళ్ళు దిగింది కూడా ఈ గొట్టంలోంచే. మాట పడలేక నేను మెట్లెక్కి మరీ నా గోడని నేనే తడిపాను. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలియలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి అంతా విన్నాడు. “అంటే నీళ్ళు ఈవిడవేగా” అన్నాడు.

బావ గునపం కింద పెట్టాడు. “ఆరేళ్ళు నా తప్పుకి తనని తిట్టావు తమ్ముడూ. ఆ మాట తనతో చెప్పు. చెప్పేదాకా ఈ గొయ్యి పూడ్చను.”

అన్నంత పనీ చేశాడు. గోడ మూల నుంచి గేటు బయట కాలవ దాకా, మా గుమ్మానికి అడ్డంగా తవ్వాడు. ట్యూబు పట్టి అడుగుకి పావంగుళం వాలు చూసుకుని కొత్త గొట్టం వేశాడు. పైన మట్టి మాత్రం కప్పలేదు. మా ఆయన మూడు రోజులు బూట్లేసుకుని ఆ గొయ్యి దూకుతూ ఆఫీసుకెళ్ళాడు. మూడో సాయంత్రం గొయ్యికి అవతలే నిలబడి, తప్పు నీది కాదని గొణిగాడు.

“చుట్టాలకి చెప్పినంత గట్టిగా చెప్పు” అన్నాను.

చెప్పాడు. నా కోపం చల్లారలేదు. ఆరేళ్ళ కోపం ఒక్క మాటకి ఎలా చల్లారుతుంది?

బావ మట్టి కప్పి చేతులు కడుక్కున్నాడు. నీ మీద కూడా కోపంగానే ఉందని మొహం మీదే చెప్పేశాను. “ఉండాలి” అన్నాడు. గునపం భుజాన వేసుకున్నాడు. ఇంటికి వెళ్తున్నాడనుకున్నాను. పక్కింటి వైపు తిరిగాడు.

“ఈ వరసలో ఇంకో పదకొండు ఇళ్ళకి ఇలాగే వదిలేశానమ్మా. ఎవరింట్లో ఎవరు తిట్లు తింటున్నారో.”