రెండు కూజాలు

పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి పై వాటా కిరాయికి ఎవరిని రానివ్వాలో నిర్ణయించేది నా భార్యే. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు గ్లాసుతో బోరు నీళ్లు ఇచ్చేది. మా బోరు నీళ్లు ఉప్పగా, చేదుగా ఉంటాయి. ముఖం చిట్లించినవాళ్లకు ఇల్లు ఇచ్చేది. బాగున్నాయన్నవాళ్లను పంపేసేది.

"ఈ నీళ్లే బాగున్నాయన్నవాడు, రేపు మోటారు కాలిపోతే నేను ముట్టుకోనేలేదంటాడండీ" అనేది.

ఆ పరీక్షలు జరిగేటప్పుడు నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ని.

ఆమె పోయాక పై వాటా ఖాళీ అయింది. కిష్టారెడ్డిపేటలో ఉండే మా అమ్మాయి గడువు పెట్టింది. "ఈ నెలాఖరులోగా పైన ఎవరూ దిగకపోతే ఇల్లు అమ్మేద్దాం నాన్నా. నువ్వు మా ఫ్లాటుకొచ్చెయ్యి. ఒక్కడివీ అక్కడ వద్దు."

నాకు ఈ ఇల్లు వదలాలని లేదు. అందుకని నేనూ నీళ్ల పరీక్ష మొదలుపెట్టాను. వంటగట్టు మీద రెండు కూజాలు, ఒకటి రాగిది, ఒకటి స్టీలుది. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో క్యాన్ నీళ్లు. పనామె ఎప్పటిలాగే రోజూ నింపి వెళుతుంది. వచ్చినవాళ్లకు బోరు నీళ్లని రాగి కూజాలోంచి ఇచ్చాను. అందరూ బాగున్నాయన్నారు. లోకం ఇంత అబద్ధాలకోరని నా భార్య నాకు ఎప్పుడూ చెప్పలేదు. అందరినీ పంపేశాను.

చివరి వారంలో గడ్డపోతారం మందుల కంపెనీలో పనిచేసే ఒకాయన, భార్యతో వచ్చాడు. ఇద్దరికీ రాగి కూజా నీళ్లే ఇచ్చాను. ఆమె గ్లాసు ఖాళీ చేసింది.

"మస్తు తియ్యగున్నయి సార్."

"నిజం చెప్పమ్మా."

"నీళ్ల గురించి ఎవలన్న అబద్ధమాడ్తరా? మీరే తాగి సూడుండ్రి."

తాగాను. తియ్యగానే ఉన్నాయి.

ఆమె నన్నొకసారి చూసి, వంటగదిలోకి వెళ్లి స్టీలు కూజా నీళ్లు నోట్లో పోసుకుంది. వెంటనే సింకులో ఉమ్మేసింది.

"థూ! గివెవ్వలు తాగుతరు సార్?"

"నేనే."

"ఎప్పటిసంది?"

నా భార్య పోయినప్పటి నుంచీ అని చెప్పాను. నోరు ఎప్పుడూ చేదుగా ఉంటే, దుఃఖం ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నానని మాత్రం చెప్పలేదు.

ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇల్లు నచ్చినా నచ్చకున్నా గీడికే రావాలె మనం. గీ సారును ఒక్కన్ని ఇడిసిపెడితే ఎట్ల?"

ఆయన తలూపాడు. పైకెళ్లి గదులు చూడనైనా లేదు.

అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఏం చూసి ఇచ్చావు నాన్నా?"

"నేనేం చూళ్లేదమ్మా. ఆమే నన్ను చూసి ఖాయం చేసుకుంది."

అమ్మాయి చాలాసేపు నవ్వింది. అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు రాగి కూజా నీళ్లే తాగుతున్నాను. నోటి చేదు చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు.