పాస్టరమ్మ గారి చెప్పు

కీమో ఆపి నాలుగేళ్ళయినా మా అమ్మ అరికాళ్ళకు స్పర్శ రాలేదని ఆ ఆదివారం దాకా మేం ఎవరికీ చెప్పలేదు. రొమ్ము క్యాన్సర్ తగ్గింది కాబట్టి మా భీమడోలు చర్చిలో ఆమె "సంపూర్ణ స్వస్థత" పొందిన మనిషి. ఏటా అందరి ముందు నిలబడి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పాల్సిందే. కాళ్ళ తిమ్మిరి సంగతి ఎత్తితే విశ్వాసం చాలదంటారు.

నేను ఏలూరులో డిగ్రీ చదివే రోజులవి. ఆ ఆదివారం అమ్మ సాక్ష్యానికి చప్పట్లు మోగిపోయాయి. ఆరాధన ముగిశాక చూస్తే, గుమ్మం దగ్గర పాస్టరమ్మ గారి కొత్త చెప్పు ఒకటి లేదు.

"దేవుడి మందిరంలో కూడా దొంగలేనా అండీ!" అని ఒకావిడ కేకేసింది.

అప్పటికే గేటు దాకా వెళ్ళిన అమ్మ ఆగింది. ఆమె ఎడమకాలికి మా రబ్బరు చెప్పు, కుడికాలికి పాస్టరమ్మ గారి తోలు చెప్పు. అందరూ ఆ పాదాలనే చూస్తున్నారు.

"తేడా తెలీలేదండీ, కాళ్ళకి స్పర్శ లేదు," అంది అమ్మ.

"అదేంటండీ, ఇందాకేగా సంపూర్ణ స్వస్థత అన్నారు!" అన్నారు పాస్టరమ్మ గారు.

తగ్గిన జబ్బుకు చప్పట్లు కొట్టేవారికి, మందు మిగిల్చిపోయిన బాధ అబద్ధంలా వినిపిస్తుందని ఆరోజే తెలిసింది.

దారిపొడవునా ఏడుస్తున్న నాతో అమ్మ అంది: "ఊరుకోవే. వచ్చే ఏడు సాక్ష్యం చీలమండల దాకానే చెబుతాలే."