గొట్టంలో నిమ్మకాయ

ఆ రోజుల్లో, ఇంజనీరు కావడానికి చదువొక్కటే అడ్డమని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంతోనే కుప్పంలో పాలిటెక్నిక్ వెలగబెట్టి, గట్టెక్కిన సబ్జెక్టులకంటే మిగిల్చిన సబ్జెక్టులు ఎక్కువగా మూటగట్టుకుని పుంగనూరులో బస్సు దిగాను. మా నాయనకు మదనపల్లె రోడ్డులో లేత్ షాపు. బోరు మోటార్లు, చేతిపంపులు, ట్రాక్టరు సామాన్లు, ఆయన చేతిలో పడి బాగుపడనిది లేదు, నేను తప్ప. లేత్ మీద ఇనుము చుట్టలు చుట్టలుగా రాలుతుంటే చూస్తూ నిలబడేవాణ్ణి, నాకు అన్నం కూడా గుర్తొచ్చేది కాదు. ముట్టుకోబోతే మాత్రం నాయన "సదువు మీద నిలబడనోడు మిషను మీద నిలబడతాడా? అవతలికి పో" అనేవాడు. ఇంకోపక్క మదనపల్లెలో టమోటా మండీ నడిపే మా మామ (మా అమ్మ తమ్ముడు, ఆయనకంటే ముందు ఆయన కడుపు గడప దాటేది) నన్ను మండీలో క్రేట్ల లెక్కకు పెట్టుకుంటానని వచ్చినప్పుడల్లా అడిగేవాడు. టమోటా వాసన వస్తేనే నేను ముక్కు మూసుకునేవాణ్ణి.

ఆయుధ పూజ దగ్గర పడుతుండగా నాయన తీర్పు చెప్పేశాడు. "పూజ దినానికి నీ సేత్తో జేసిన వస్తువు ఒగటి, పనిజేసేది, నా ముందర పెట్టు. లేత్ మీద నిలబెడతా. లేదంటే మీ మామ యెంబడి పో."

బుద్ధున్నవాడైతే గేటుకు మడతబందో, పంపుకు పిడో చేసి బతికిపోయేవాడు. నేను మాత్రం ఫోనులో ఎవరో పిల్లకాయ స్పాంజి బాణాలు కొట్టే తుపాకి చేస్తుంటే చూసి, అదే నా జీవితాశయమని తేల్చుకున్నాను. బాణాలకు ఫోము కావాలి కదా, మా వీధి పరుపుల అంగడి భాయ్ కొడుకు నా జతగాడు. వాణ్ణి అందరూ స్పాంజి అనే పిలిచేవాళ్లు. వేలంత లావు బాణాలు కొయ్యమంటే వాడు వంకాయలంత కోసుకొచ్చాడు. "సన్నగా కోస్తే సినిగిపోతాండాది భాయ్, పరుపు ఫోము గదా. పండుకునేదానికి జేసింది, యుద్ధానికి కాదు" అన్నాడు. బాణం లావైంది కాబట్టి గొట్టం లావైంది. గొట్టం లావైంది కాబట్టి స్ప్రింగు పెద్దదైంది. (ఇంజనీరింగులో దీన్నే డిజైన్ అంటారు.)

గొట్టం బోరు పైపు ముక్క. స్ప్రింగు ఒక చచ్చిన పంపు వాల్వుది. లోపల గాలిని తోసే పిస్టనుకు పాత చేతిపంపు తోలు వాచరు బిగించాను. ట్రిగ్గరుగా మా స్నానాలగది గడియ ఊడబీకి పెట్టాను. (ఆ నెలంతా మా ఇంట్లో స్నానం చేసేవాళ్లు లోపల ఉన్నామని తెలియడానికి పాటలు పాడేవాళ్లు. మా నాయనకు పాటలు రావు, దగ్గేవాడు.) మొదటిసారి కొడితే బాణం మర్యాదగా బయటికొచ్చి నా కాలి మీద పడింది. "మా నాయన తుమ్మినా ఇంతకంటే దూరం పోతాది" అన్నాడు స్పాంజి. ఎండిపోయిన వాచరు పక్కల నుంచి గాలి పోతోందని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. దాన్ని ఆముదంలో నానబెట్టి మళ్లీ బిగించి కొడితే, బాణం షాపు ఈ గోడ దగ్గర బయల్దేరి ఆ గోడకు తగిలింది. ఇద్దరం చిన్నపిల్లల్లా గంతులేశాం.

పూజ రోజు మా షాపులో పద్ధతి ఏమంటే, అన్ని మిషన్లకూ విబూది, కుంకుమ, పూలు పెట్టి, బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, హారతి అయ్యాక ఒక్కొక్కదాన్ని ఒకసారి ఆడించి ఆపేస్తాం. ఈ అలంకారాల శాఖ మా అవ్వది, అంటే మా నాయన తల్లిది. స్పానర్లకు కూడా బొట్టు తప్పేది కాదు. నేను నైవేద్యానికి బొరుగులు (మరమరాలు) తేవడానికి అంగడికి పోయి వచ్చేసరికి నా తుపాకి బంతిపూల దండతో పెళ్లికొడుకులా కూర్చుని ఉంది.

హారతి అయింది. లేత్ తిరిగింది, డ్రిల్లు తిరిగింది, మోపెడ్ నిమ్మకాయను తొక్కింది. ఇక నా వంతు. గోడకు గురి పెట్టబోతే, నన్ను తీసుకుపోవడానికి పొద్దున్నే దిగిన మామ బొరుగుల పళ్లెంతో అడ్డమొచ్చి నిలబడ్డాడు. "పరుపు ముక్క నన్నేం జేస్తాదిరా? నా కడుపుకే కొట్టు. కొట్నాక బస్సెక్కుదాం." బాణం దూరుస్తుంటే సగంలో ఆగింది. పూలరేకులేవో అడ్డం పడ్డాయనుకుని పుల్లతో గట్టిగా కుక్కాను. (బుద్ధున్నవాడైతే లోపలికి చూసేవాడని వేరే చెప్పక్కర్లేదు.) గడియ లాగాను.

ధబ్బుమంది. మామ కడుపు పట్టుకుని కింద కూర్చున్నాడు. షాపంతా బొరుగుల వాన కురిసింది. స్పాంజి బాణం దారిలోనే పడిపోయింది. మామ ఒళ్లోంచి కుంకుమ పెట్టిన నిమ్మకాయ ఒకటి దొర్లుకుంటూ వచ్చి మా నాయన కాళ్ల దగ్గర ఆగింది. నా కళ్ల ముందు టమోటా క్రేట్లు వరసగా పేర్చుకున్నాయి.

"సక్రాలు ల్యావు గదప్పా దానికి, యాడ పెట్టేది?" అంది అవ్వ, అందరూ తనవైపే చూస్తుంటే. "నోరుండాది గదా అని నోట్లో పెట్టినా." తర్వాత మామను తేరిపార చూసి, "ఏం గాలేదులే. పూజ జేసిన నిమ్మకాయ తగిల్తే దిష్టి పోయినట్టే. నీకుండే దిష్టి అంతా ఇంతా?" అంది. మామ తిట్టడానికి నోరు తెరిచాడు. కానీ రోజూ ధర కోసం దేవుడి దయ మీద బతికే టమోటా వ్యాపారి దేవుడి నిమ్మకాయతో ఎట్లా పోట్లాడతాడు? "ఔనత్తా" అని కడుపు రుద్దుకున్నాడు.

నాయన ముందుకొచ్చాడు. నిమ్మకాయను తీసుకుని కొలిచే కాలిపర్ పెట్టి చూశాడు. గొట్టం మూతిని కూడా కొలిచాడు. అతుకు మీద వేలితో రాసి, "గాలి బాగానే పట్టినావు. ఈ జాయింటు కాడ లీకవుతాండాది. రేప్పొద్దున లేత్ మీద ఒగ కాలర్ తిప్పి ఎయ్యాల" అన్నాడు.

"ఎవరు నాయనా తిప్పేది?"

"నీ సేతులేమన్నా మండీలో ఉండాయా?"

నాకు ఏడుపొచ్చింది. బొరుగులు ఏరుతున్నట్టు కిందికి వంగిపోయాను.

మరుసటి రోజు మండీలో టమోటా ధర పెరిగింది. మామ అది నిమ్మకాయ మహిమే అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆయుధ పూజకూ ఇస్త్రీ చొక్కా వేసుకుని మదనపల్లె నుంచి వచ్చి, తుపాకి ముందు నిలబడి కడుపు చూపిస్తాడు.

ఇప్పుడు ఆ లేత్ మీద నేనే నిలబడుతున్నాను. అవ్వ పోయి కొన్నేళ్లయింది. పూజ రోజు కొట్టేముందు గొట్టంలోకి తొంగి చూడటం నాకు అలవాటైంది. అడిగినవాళ్లకు జాగ్రత్త కోసమంటాను. ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటుందని తెలిసే చూస్తాను. ఆ తర్వాత ఒక నిమ్మకాయకు కుంకుమ పెట్టి నేనే లోపలికి వదులుతాను. స్ప్రింగు కూడా నాలాగే మెత్తబడింది, నిమ్మకాయ మునుపటంత దూరం పోవడం లేదు. అందుకే మా మామ ఏడాదికొక అడుగు ముందుకొచ్చి నిలబడుతున్నాడు.