లిస్టుకెక్కని ఊరు

ఇది నా భార్యకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లూ ఒక్కణ్నే మోశాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎనభైల చివర్లో నంద్యాలలో ఒక ఆఫీసులో గుమాస్తాను. కొత్తగా కంప్యూటర్ వచ్చింది. అది నేర్చుకున్నది నేనొక్కణ్నే. ఆ గర్వం నాకుండేది. ఎండాకాలం ముందు, ఏయే ఊళ్లకు కొత్త బోరు వెయ్యాలో తేల్చమన్నారు. బోర్లన్నిటి వివరాలూ ఎక్కించి, నీళ్లొస్తున్నవాటిని ఊరివారీగా విడదీసి లెక్కపెట్టమని కంప్యూటర్‌ను అడిగాను. తక్కువ బోర్లున్న ఊళ్లు పైకి వచ్చాయి. ఆఫీసరు మెచ్చుకుని సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండానే ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లె నుంచి సుగుణమ్మ టీచరు వచ్చింది.

"ఏందప్పా, లిస్టులో మా ఊరు యాడా లేదే?"

"లేదంటే మీకు అవసరం లేదనే, టీచరమ్మా. కంప్యూటర్ తప్పు చెప్పదు."

"ఉండేది ఒగటే బోరు. అదీ ఎండిపాయ. ఆడపిల్లోళ్లు బడి మాని నీళ్లకు పోతాండారు. ఇంగ మాకన్నా అవసరం ఎవురికప్పా?"

ఆమె వెళ్లాక చూసుకున్నాను. పనిచేసే బోరు ఒక్కటైనా ఉంటేనే ఆ ఊరు లెక్కలోకి వస్తుంది. ఒక్కటీ లేని ఊరికి సున్నా పడదు. ఊరి పేరే రాదు. ముందు ఊళ్ల జాబితా పెట్టుకుని, దానికి బోర్లను జతచేసి లెక్కించాల్సింది. అంతే. అట్లా జారిపోయిన ఊళ్లు నాలుగు.

బోరు బండ్లు ఇంకా కదల్లేదు. ఆఫీసరు పక్క గదిలోనే ఉన్నాడు. ఎందుకు వెళ్లి చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? పోదు. ఒక మాట తిట్టేవాడు. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య నాకు సరిగా రాదని నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గుతో, నాలుగు ఊళ్లను ఆ వేసవంతా ఎండబెట్టానని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే పళ్లు నూరాలనిపిస్తుంది.

మరుసటేడు ఎవరికీ తెలియకుండా సరిచేశాను. సుగుణమ్మ ఊరు లిస్టులో అన్నిటికన్నా పైన వచ్చింది. బోరు పడింది. ఆమె శెనక్కాయల సంచి మోసుకొచ్చింది.

"నీ పుణ్యమప్పా" అంది.

బడి మానిన పిల్లల్లో ముగ్గురు మళ్లీ రాలేదనీ, ఇద్దరికి పెళ్లిళ్లు కూడా చేసేశారనీ మాటల్లో చెప్పింది. అప్పుడైనా నోరు విప్పానా? సంచి అందుకున్నాను.

ఆమె ఇప్పుడు లేదు. ఉన్నా, క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆ వేసవి ఆ పిల్లల చేత బిందెలు మోయించింది నేనే.