మా వీధికి నీళ్లు రాని పొద్దు

పొద్దున్నే కొళాయి తిప్పితే ముందు బుస్సుమని గాలి, దాని వెనకే బ్లీచింగు వాసన. విజయనగరంలో మేముండే అపార్టుమెంటులో అందరూ ఆ వాసనకి మొహం చిట్లించుకుని వంటకి డబ్బా నీళ్లు తెప్పించుకుంటారు. నాకు అది మా నాన్న చొక్కా వాసన. నాగావళి ఒడ్డునున్న మా పట్నంలో ఆయన నీళ్ల ఫిట్టరు. ఏ వీధికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసి, వాల్వులు విప్పి కట్టడం ఆయన పని.

ఆ నీళ్లు నది ఇసకలోంచి వచ్చేవి. తెల్లదొరల కాలంలో ఇసకలోకి దించిన బావులూ, అప్పుడే పాతిన పోత ఇనప గొట్టాలూ నేను పుట్టేసరికే ముసలివైపోయాయి. ఏ గొట్టం ఎక్కడ మలుపు తిరిగిందో కాగితం మీద లేదు, నాన్న బుర్రలో ఉండేది. నేల చెమర్చిన చోట బారెడు ఇనప చువ్వ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆయన సున్నంతో గీత గీసిన చోట తవ్వితే చిల్లు అక్కడే దొరికేది.

మా వీధి మొదట్లో ఒక సింగం కొళాయి ఉండేది, నడుమెత్తు ఇనప దిమ్మ, సింహం నోట్లోంచి ధార. చైత్రం దాటితే నది సన్నబడి ధార కూడా సన్నబడేది. పిల్లలం వరసలో బిందెకి బదులు రాయి పెట్టి, ఆ పక్కనే తొక్కుడుబిళ్ల ఆడుకుంటూ, జీడిమామిడి పళ్లు కొరికి గొంతు పట్టేసి దగ్గుకుంటూ, ఎవరి వంతు వచ్చిందని అరిస్తే వాళ్లం పరిగెత్తుకుంటూ పోయేవాళ్లం. అమ్మవారి పండగనాడు ఘటాలకి మొదటి ధార పట్టాకే మిగతా బిందెలు. పసుపు నీళ్లు దిమ్మ చుట్టూ మడుగుకట్టి, వేపాకులు అందులో తేలుతుండేవి.

ఎదురింటి నరసమ్మత్త చేపల బుట్ట దించి చేతులు కడుక్కునేది కూడా అక్కడే. మాకు చుట్టం కాదు గానీ నాన్నని తమ్ముడనేది, నాన్న ఆమెని అప్పా అనేవాడు. నాకు జ్వరమొస్తే మా అమ్మ కంటే ముందు ఆమే చోడంబలి కాచి తెచ్చేది.

నేను ఆరో తరగతిలో ఉండగా మెట్ట మీద కొత్త కాలనీలు లేచాయి. వాటికోసం ఎత్తుగా ఒక ట్యాంకు కట్టి, పాత గొట్టాలనుంచి అక్కడికి కొత్త లైను వేశారు. ఆ వేసవంతా లైను కోసం కందకం తవ్విన కూలీల్లో నరసమ్మత్త పెనిమిటి సూరయ్య మావ ఒకడు. పని పూర్తయ్యే రోజుల్లో ఆయనకి జ్వరం తగిలింది. రేపు ట్యాంకు తెరుస్తారనగా మంచం దిగలేదు.

తెరిచే రోజున నీళ్లన్నీ ట్యాంకుకి ఎక్కాలని నాన్న తెల్లారకముందే అన్ని వీధుల వాల్వులూ కట్టేశాడు. ట్యాంకు తెరిచే సభలో ప్రార్థన పాడే నలుగురు ఆడపిల్లల్లో నేనొకదాన్ని. ఇంట్లో రెండు బిందెల నీళ్లున్నాయి. "తానం ఒక్క బకెట్టుతో కానిచ్చీ. మళ్లీ నీళ్లెప్పుడో," అంది అమ్మ. అంతలో ఎదురింట్లోంచి ఏడుపు వినబడి ఆమె పరిగెత్తింది. సూరయ్య మావ పోయాడు. ఆ ఏడుపు నాకూ వినబడింది. అయినా కుంకుడు నురగ వదలడం లేదని రెండు బిందెలూ తల మీద గుమ్మరించుకున్నాను.

కాసేపటికి శవానికి స్నానం చేయించడానికని అమ్మ బిందెలకోసం వచ్చింది. ఖాళీ బిందెలు చూసింది, నా తడి జుట్టు చూసింది. బయటికెళ్లి నరసమ్మత్తతో, "మా ఇంట్లోనూ నీళ్లు నేవొదినా," అంది.

అప్పుడు నరసమ్మత్త తనే లేచి వీధి మొగలో వాల్వు దగ్గరున్న నాన్న దగ్గరికి వెళ్లింది. గుమ్మంలోంచి నాకంతా వినబడుతోంది.

"తమ్ముడూ, పది నిమిసాలు ఇప్పు. మీ బావకి తానం సేయించాల."

"ఇప్పుడిప్పితే ట్యాంకుకి నీళ్లెక్కవప్పా. నా ఉద్యోగం పోతాది. సభ అవ్వగానే ఇప్పేత్తాను."

"అందాకా ఆయన్ని అలాగుంచీమంటావా?"

నాన్న తల వంచుకుని వాల్వు మూత మూశాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

నేను తెల్ల జాకెట్టు, నీలం లంగా వేసుకుని సభకి వెళ్లాను. మేం పాడుతుండగా ట్యాంకు కింది కొళాయిలోంచి నీళ్లు బుసకొట్టుకుంటూ వచ్చాయి, చప్పట్లు కొట్టారు. ఆ జనం వెనకనుంచి మా వీధి ఆడవాళ్లు, నది ఇసకలో చెలమలు తవ్వి తోడుకున్న నీళ్లు నెత్తిన పెట్టుకుని, మోకాళ్లదాకా తడి చీరలతో వరసగా నడిచిపోయారు. పాటలో నా గొంతు ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలియదు.

నరసమ్మత్త ఎవరినీ తిట్టలేదు. కర్మలయ్యాక నాన్న ఎదురైతే, "ఫిట్టరు బాబూ, పక్కకి జరుగు," అంది, అంతే. ఇంకెప్పుడూ తమ్ముడనలేదు. నాన్న ఆ తర్వాత రిటైరయ్యేదాకా మా వీధి వాల్వు రోజూ పది నిమిషాలు ముందే విప్పేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ గుర్తించినట్టూ లేదు. ఇంట్లో రెండు బిందెల నీళ్లుంటే ఆమె ఆయన్ని అడిగేదే కాదని అమ్మ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేదాకా చెప్పలేదు.

మొన్న వేసవిలో వెళ్లాను. కొళాయి దిమ్మ లేదు, ఆ చోట సిమెంటు రోడ్డు. ఇంటింటికీ కనెక్షన్, ఇంటింటికీ మోటారు, గుమ్మాలన్నీ వేసి ఉన్నాయి. నరసమ్మత్త కూడా పోయిందట. ఆమె కోడలు నన్ను కూర్చోబెట్టి, "ఫిట్టరు గారి అమ్మాయివా? మా మావ పోయిన నాడు నీళ్లు ఇవ్వనేదంట కదా మీ నాన్న. మా అత్త సెప్పేది," అంది. ఆ వీధిలో మా నాన్న గురించి మిగిలింది ఆ ఒక్క మాటే.

రెండు బిందెల సంగతి మొదటిసారి నోరు తెరిచి ఆమెకి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అప్పుడు సిన్నపిల్లవి కదప్పా," అంది. ఆ మాట అనాల్సిన మనిషి ఆమె కాదు. అంతలో మేడ మీది ట్యాంకు నిండి నీళ్లు గోడంట కాలువలోకి కారుతుంటే, మోటారు కట్టెయ్యడానికి లేచి లోపలికెళ్లింది.