విత్తనాల రోజూ, కొత్త అసిస్టెంటూ

నిరుడు ఎండాకాలం చివర, పదవీ విరమణకు కొన్ని నెలల ముందు, మార్కాపురంలోని మా పలకరాయి టైల్స్ కంపెనీలో నాకు అప్పగించిన ఆఖరి పని ఒక మాట్లాడే యంత్రానికి నా ఉద్యోగం నేర్పడం. ఆర్డరులో ఇంత సూటిగా రాయలేదు. టాస్క్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ అసిస్టెంటు ఏర్పాటుకు ప్రొడక్షన్ మేనేజరు సహకరించవలెను అని ఉంది. ఆ మేనేజరును నేనే. సర్వీసు పొడిగించమని నేను పెట్టుకున్న అర్జీ అప్పటికే యజమాని దగ్గర ఉంది. "ముందు ఇది కుదురుకోనీయండి, చూద్దాం" అన్నారాయన. అది కుదురుకున్నాక నాతో ఏం పని ఉంటుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా దగ్గర రాయి చీల్చడం మొదలు టైల్స్ పెట్టెల్లో సర్దడం దాకా ప్రతి పనికీ సాఫ్ట్‌వేర్‌లో ఒక కార్డు ఉంటుంది. దాన్నే టాస్క్ అంటారు. ఏ పని, ఎవరు చేయాలి, గడువెప్పుడు, ఎంతవరకు వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. ఆ కార్డులు తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. పొద్దున్నే నా టేబుల్ దగ్గర ఆగి, "సార్, ఈ పూట ఏంది పని?" అని అడిగి పోయేవాళ్లు. నా ఉద్యోగంలో నాకు జీతం కంటే రుచించింది ఆ ప్రశ్నే. అసిస్టెంటు వస్తే ఫోన్లో తెలుగులో అడిగితే చాలు, కార్డులు చూసి అదే చెబుతుంది.

ఏర్పాటు చేయడానికి వచ్చిన అమ్మాయి స్రవంతి, గిద్దలూరు పిల్ల, చురుకైనది. నేను పద్ధతులు చెబుతుంటే ఆమె ఎక్కించేది. ఎవరికి ఏ కార్డు కనిపించాలి, ఎవరు ఏది మార్చవచ్చు అన్నవాటిని పర్మిషన్లంటారు. గడువు మార్చే పర్మిషన్ కంపెనీ మొత్తంలో నా ఒక్కడికే ఉండేది. స్రవంతి దాన్ని అసిస్టెంటుకూ ఇచ్చింది. క్లర్కుగా చేరి ఆ అధికారం దాకా రావడానికి నాకు సగం సర్వీసు పట్టింది. దానికి ఒక్క మీట నొక్కితే వచ్చింది.

వారం తిరక్కుండానే జనం నా టేబుల్ దాటిపోతూ ఫోన్‌తో మాట్లాడటం మొదలుపెట్టారు. నమస్కారం నాకు, ప్రశ్న దానికి. దాన్ని సవతిని చూసినట్టు చూసేవాణ్ణి. ఫోనుతో పోటీ ఏమిటండీ అని మా ఆవిడ నవ్వితే ఆ పూట అన్నం సయించలేదు.

నాకు ఒక్క ఆశ మిగిలింది, వాన. రాయి చీల్చేవాళ్లలో చాలామంది కొనకనమిట్ల, హనుమంతునిపాడు వైపు మెట్ట రైతులు. తొలకరి వానకు నేల విత్తే పదునుకు వచ్చిన మర్నాడు ఒక్కరూ పనికి రారు. సెలవు అడగరు. సొంత చేలో విత్తనం వేయడానికి ఒకరి అనుమతేమిటని వాళ్ల పట్టింపు. నేనూ ఏనాడూ ఎందుకు రాలేదని అడగలేదు. సాయంత్రం మబ్బు చూసి సరుకు లారీ వాయిదా వేసేవాణ్ణి, తర్వాత వాళ్లకు నష్టం రాకుండా హాజరు సర్దేవాణ్ణి. ఈ సంగతి స్రవంతికి చెప్పాను. "సెలవుల రూల్స్‌లో లేనిది ఎక్కించలేను సార్" అంది. మంచిదే అనుకున్నాను. వాన పడనీ, దీని పని పడుతుంది.

వాన పడింది. ఈసారి లారీ వాయిదా వేయకుండా, మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వెళ్లి కూర్చున్నాను. షెడ్డు ఖాళీ. ఇక లారీ వచ్చి ఆగుతుంది, యజమాని కంగారుగా నన్ను పిలుస్తారు అనుకున్నాను. ఎంతసేపు చూసినా లారీ రాలేదు. స్రవంతిని అడిగితే నవ్వుతూ ఫోన్లో ఒక మాట వినిపించింది. పని మొదలుకాకపోతే కారణం అడగడం అసిస్టెంటుకు పెట్టిన మామూలు నియమం. పొద్దున్నే అందరినీ అడిగింది. మేస్త్రీ కాశయ్య చేలో నుంచే జవాబిచ్చాడు: "వాన పడింది తల్లీ. ఇత్తనాలకు గొర్రు కట్టినాం. కంది ఏసుకోని వస్తాం, నాలుగు రోజులు పడ్తది." మిగతావాళ్లూ అదే మాట చెప్పారు. అసిస్టెంటు గడువులు జరిపి, లారీ ఆఫీసుకు కబురు పంపింది. యజమాని వచ్చేసరికి నేను చేయడానికి ఏమీ మిగల్లేదు.

నా ఇన్నేళ్ల సర్వీసులో నాకు చెప్పని మాట దానికి చెప్పారు, అదీ తల్లీ అని పిలిచి. కాశయ్య తిరిగొచ్చిన రోజు పట్టలేక అడిగేశాను, నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదని.

"మీరు అడగలేదు గద సార్. అది అడిగింది, చెప్పినాం" అన్నాడు.

నాకు తెలుసు కాబట్టే అడగలేదన్నాను. నేనే హాజరు సర్దేవాణ్ణన్నాను.

కాశయ్య నా మొహంలోకి చూశాడు. "మీకు తెలుసని మాకెట్ల తెలుస్తది సార్? ఏటా భయపడతానే పోయినాం. వచ్చినాక పని ఉంటదో లేదో అని."

నా సర్వీసు పొడిగించలేదు. అసిస్టెంటు బాగానే పనిచేస్తోందని విన్నాను. పర్యవేక్షణలో ఉన్నవాడికి విషయం తెలిసి ఉంటే చాలదు, తనకు తెలుసన్న సంగతి కింద పనిచేసేవాళ్లకు చెప్పాలి. నేను నేర్చుకున్నది ఇదీ. అసూయ మాత్రం పోలేదు. దానికి వాన గురించి ఏమీ తెలియదు. ఎందుకు రాలేదని అడిగింది, అంతే. ఆ ప్రశ్న నాది, నేను అడగాల్సింది.