ముందట కుట్టు లేని గౌను

“మీ మీద నీళ్లెవరు పోస్తున్నరు సిస్టర్?” అంటున్నడు మేనేజర్ పరమేశ్వర్.

“ఉమ్మనీరు చెప్పి పడ్తదా సార్? నెత్తురు మిమ్మల్నడిగి వస్తదా?” పుష్పలత గొంతు.

భుజం మీద మూటతో లింబాద్రి గడప బయటనే ఆగిపోయిండు. లొల్లి నర్సులు తొడుక్కునేటందుకు అతను కుట్టిన గౌన్ల మీదనే.

బోధన్‌లో ఆ ప్రైవేటు దవాఖాన కాన్పుల గదికి పుష్పలత పెద్ద నర్సు. సొంతూరు కోటగిరి. పంతొమ్మిదేండ్లు ఆ గదిలనే గడిచినయి. పెండ్లి మాటెత్తితే, దినాం పిల్లల్ని ఎత్తుకుంటనే ఉన్న గదా అని నోరు మూయించేది. లింబాద్రి ఇద్దరు పిల్లలు ఆమె చేతుల్లనే పుట్టిండ్రు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు నిజామాబాద్ నుంచి వచ్చిన పల్చటి గౌన్లు ఓపీకి చాలు, కాన్పుకు పనికిరావని పక్కన పెట్టింది. ప్లాస్టిక్ పొర ఉన్న బట్ట తెప్పించి లింబాద్రికి పని ఇప్పించింది ఆమెనే.

చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు లింబాద్రి బస్తాల మూతులు కుట్టిండు. అది మూతపడ్డంక టైలరయిండు. ఉన్న బట్టల ఇంకో రెండు గౌన్లు ఎక్కువ ఎల్తయని ముక్కలు కలిపి, ముందట నడిమధ్యల అతుకేసిండు. బస్తా పిగలకుండ రెండు కుట్లెయ్యడం చేతికి అలవాటు. ఇక్కడా రెండేసిండు.

పుష్పలత అతన్ని లోపలికి పిలిచి, బకెట్ మూతికి గౌను పరిచి చెంబెడు నీళ్లు పోసింది. బట్ట ఆగింది. కుట్టు పొడుగునా కింద చుక్కలు వరుస కట్టినయి.

“సూది దిగిన కాడల్లా బొక్కనే గద అన్నా,” అన్నది. తిట్టినా బాగుండునని అనిపించింది లింబాద్రికి.

అప్పటికే నాలుగు రోజులు ఆ గౌన్లతోనే కాన్పులు చేసిండ్రు. ఇద్దరు నర్సులకు జ్వరం. వాళ్లల్ల సుమన నిజామాబాద్‌ల ఆక్సిజన్ మీదుంది. ఏది ఎక్కడంటిందో ఎవరికెరుక అని పుష్పలతనే సర్దిచెప్పింది. అతని చెవికెక్కలేదు.

నీళ్లు దిగకుండ కుట్ల మీద అతికించే టేపు జిల్లాల దొరకలేదు. వేరే గౌన్లు లేవు, ఇవే తొడగండని మేనేజర్ ఎల్లిపోయిండు. లోపల కరోనా ఉన్న గర్భిణులిద్దరు నొప్పులు పడుతున్నరు.

ముందట అతుకు లేకుండ కుడితే మిగిలిన బట్టల ఒక్క గౌనే ఎల్తదన్నడు లింబాద్రి. అక్కా, నీ కొలతియ్యి అని కొలిచే టేపు తీసిండు.

పుష్పలత చెయ్యి అడ్డం పెట్టింది.

“నేను పాతదే తొడుక్కుంట. ఇది కొత్త నర్సు అఖిలకు కుట్టు. మనిషి నా అంతనే ఉంటది. దానికి అయిదో నెల, కొలువు పోతదని ఎవ్వరికి చెప్పలేదు. నడుము కాడ జర ఒదులు పెట్టు. ఒదులెందుకని ఎవరన్న అడిగితే కొలత తప్పిందను అన్నా.”